మీ పేరు ఎవర్ని గిల్లుతోంది?

మీ ఊరి మెయిన్ బజార్లో ఈ చివర నుంచి ఆ చివర దాకా బోర్డులు చదువుకుంటూ ఒకసారి నడవండి. శ్రీ వెంకటేశ్వర క్లాత్ స్టోర్స్, శ్రీ సాయి మెడికల్స్, లక్ష్మీగణపతి ఫ్యాన్సీ, శ్రీ వెంకటేశ్వర టిఫిన్స్, న్యూ శ్రీ సాయి మొబైల్స్. ఇంటికొచ్చాక ఏది ఏ షాపో చెప్పమంటే తడబడతారు. ఆ పేర్లు పెట్టినవాళ్ళకు తెలివి లేక కాదు. దేవుడి పేరు పెడితే ఇంట్లో పెద్దవాళ్ళు అడ్డు చెప్పరు, బ్యాంకువాళ్ళు మొహం చిట్లించరు, కొనేవాళ్ళకూ 'మోసం చెయ్యడులే' అన్న భరోసా ఉంటుంది. బజారుకి ఒకే మందుల షాపు ఉన్న రోజుల్లో అంతకన్నా కావలసింది లేదు. ఇవాళ మీ పేరు పక్కషాపు బోర్డుతో మాత్రమే పోటీ పడితే సరిపోదు. స్విగ్గీలోనో ఇన్‌స్టాలోనో బొటనవేలి కింద జారిపోయే వందల పేర్లతో పడాలి.

అందుకే ఈమధ్య వ్యాపారం పెట్టే కుర్రకారు చూపు కొంటె పేర్ల మీద పడింది. కొంచెం తిట్టులా, కొంచెం రౌడీతనంగా, వినగానే 'ఇదేం పేరురా బాబూ' అనిపించే పేర్లు. అవి పనిచేస్తాయి. ఎప్పుడు పనిచేస్తాయి, ఎప్పుడు బోర్డు దింపించి ఇంటికి పంపిస్తాయి అన్నదే ఈ అధ్యాయం. నేను చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను. కొంటె పేరు పెట్టడమంటే గిల్లడమే. ఎవర్ని గిల్లుతున్నామన్న దాన్నిబట్టే మిగతాదంతా ఉంటుంది. తనను తాను గిల్లుకునే పేరు నవ్విస్తుంది. ఊరికే ఉన్నవాడిని గిల్లే పేరు ఏదో ఒకరోజు మిమ్మల్ని కోర్టుకో రోడ్డుకో ఈడుస్తుంది.

ఈ విద్యలో మనకు గురువులు సినిమావాళ్ళు. పూరి జగన్నాథ్ సినిమాల పేర్లు వరసగా చదవండి: ఇడియట్ (2002), పోకిరి (2006), దేశముదురు (2007), లోఫర్ (2015), రోగ్ (2017). అన్నీ చదువు ఎగ్గొట్టిన కొడుకుని నాన్నలు తిట్టే తిట్లే. ఆ తిట్టు తగిలేది హీరోకి. టికెట్ కొన్న కుర్రాడు 'మా ఇంట్లోనూ నన్నిలాగే అంటారు' అని నవ్వుకుంటూ లోపలికి వెళ్తాడు. పైగా 'ఇడియట్' అన్న పేరు కింద 'ఓ చంటిగాడి ప్రేమకథ' అని ఇంకో ముక్క ఉంది. తొడ గిల్లి జోల పాడటమంటే ఇదే. బతుకులో అది చెడ్డ గుణమేమో గానీ, బోర్డు రాసేటప్పుడు మాత్రం అంతకు మించిన నేర్పు లేదు. పెద్ద అక్షరాల్లో గిల్లండి, కింద చిన్న అక్షరాల్లో జోల పాడండి.

ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పాలి. ఇదే కథను ఇదే దర్శకుడు అదే ఏడాది కొద్ది నెలల ముందు పునీత్ రాజ్‌కుమార్‌తో కన్నడంలో తీశాడు. అక్కడ పేరు 'అప్పు'. పునీత్‌ని ఇంట్లో పిలుచుకునే ముద్దుపేరు. అంతకన్నా మెత్తటి పేరు ఉండదు. అదీ పెద్ద హిట్టే. మరోపక్క ఇడియట్ అంత ఘాటు ఉన్న లోఫర్, రోగ్ ఆడలేదు. పేరు మనిషిని గుమ్మం దాకా లాక్కొస్తుంది, అంతే. లోపల కూర్చోబెట్టేది సరుకు. కొంటె పేరు పెట్టేస్తే సగం పని అయిపోయిందని చెప్పే మార్కెటింగ్ పుస్తకాలు చాలా ఉన్నాయి. అవి నమ్మకండి.

విజయ్ దేవరకొండ 2018లో బట్టల బ్రాండ్ మొదలుపెట్టి దానికి 'రౌడీ' అని పేరు పెట్టాడు. ఆలోచించండి, పోలీస్ స్టేషన్‌లో రౌడీషీట్ తెరిచారంటే ఊళ్ళో పిల్లనివ్వరు. అదే మాట హుడీ మీద అచ్చేస్తే డబ్బిచ్చి కొనుక్కున్నారు. ఎందుకు? అతను అభిమానుల్ని 'రౌడీలు' అన్నాడు, కానీ ఆ గుంపులో ముందు తను నిలబడ్డాడు. కొనేవాడిని గిల్లాలంటే ఉన్న దారి ఇదొక్కటే: ఆ తిట్టు మీరు ముందు నెత్తిన పెట్టుకోవాలి. ఐఐటీ బాంబేలో చదివిన ఇద్దరు 2012లో టీషర్టులు అమ్మడానికి పెట్టిన 'బేవకూఫ్' కూడా ఇలాంటిదే. ఐఐటీలో చదివి టీషర్టులు అమ్ముకుంటున్నారా అని అడగబోయేవాళ్ళ నోటిలోని మాటను వాళ్ళే లాక్కుని బోర్డు మీద రాసేసుకున్నారు. ఇక ఎదుటివాడు అనడానికి ఏం మిగిలింది? 2022లో ఆదిత్య బిర్లా గ్రూపు ఆ కంపెనీలో మెజారిటీ వాటా కొనుక్కుంది. కోట్లు చేతులు మారే కాగితాల మీద కూడా ఆ పేరే ఉంది.

ఈ పేర్లను పక్కపక్కన పెట్టి చూస్తే ఇంకో సూత్రం బయటపడుతుంది. పేరు ఎంత ఘాటో, సరుకు అంత సాధువు. అమెరికాలో మైక్ సెసారియో అనే ప్రకటనల రంగపు మనిషి 2019లో డబ్బాల్లో మంచినీళ్ళు అమ్మడం మొదలుపెట్టి దానికి 'లిక్విడ్ డెత్' అని పేరు పెట్టాడు. డబ్బా మీద పుర్రె బొమ్మ. మీ దాహాన్ని హత్య చెయ్యండి అని నినాదం. చూడ్డానికి బీరో, ఎనర్జీ డ్రింకో అనిపిస్తుంది. లోపల ఉన్నవి నీళ్ళు. రాక్ కచేరీల్లో వాయించేవాళ్ళు ఎనర్జీ డ్రింకు డబ్బాల్లో నీళ్ళు పోసుకుని తాగడం చూసి అతనికి ఈ ఆలోచన వచ్చింది. సరుకు తయారు కాకముందే ఉత్త వీడియో ఒకటి తీసి ఫేస్‌బుక్‌లో వదిలి, జనం ఎగబడతారని తేల్చుకున్నాకే డబ్బాలు చేయించాడు. 2024 నాటికి పెట్టుబడిదారులు ఆ కంపెనీకి కట్టిన విలువ 140 కోట్ల డాలర్లు. ఆ 'డెత్' ఎవర్ని గిల్లుతోంది? దాహాన్ని. దాహం ఎవరి మీదా కేసు పెట్టదు.

మన దగ్గర 2016లో ఇండోర్‌లో మొదలైన 'చాయ్ సుట్టా బార్' సంగతీ అంతే. పేరులో సిగరెట్టు దమ్ముంది, బారుంది. లోపలికెళ్తే మట్టి ముంతలో అల్లం టీ. సిగరెట్టు కాల్చనివ్వరు. పేరు చూసి ముక్కు మూసుకున్నవాడు కూడా ముంత చేతిలోకి వచ్చేసరికి మెత్తబడతాడు. పేరు, సరుకు రెండూ ఘాటే అయితే ఈ సుఖం ఉండదు. సారా కొట్టుకి 'చావు' అని పేరు పెడితే అందులో చమత్కారం లేదు, నిజం ఉంది. ఎవరూ నవ్వరు.

(బొంగు చికెన్ విషయంలో మాత్రం మారేడుమిల్లివాళ్ళూ అరకువాళ్ళూ ఏ వ్యూహమూ పన్నలేదు. వెదురు బొంగులో కోడిని కూరి కాలుస్తారు, పేరు అదే. పట్నంవాళ్ళు ముసిముసిగా నవ్వుకుంటూ ఆర్డరిస్తే అది వాళ్ళ పాపం.)

పేరు పెట్టాక దాని వెంట నడవటం ఇంకో ఎత్తు. తెలుగులో ఇంతకన్నా తెగువగా పేర్లు పెట్టుకున్నవాళ్ళు లేరనదగ్గ ఉదాహరణ ఒకటుంది. అది వ్యాపారం కాదు, బ్రాండ్ అన్నానని తెలిస్తే ఆ కవులు నన్ను తిట్టేవారు కూడా. 1965లో ఆరుగురు యువకులు పాత పేర్లు విప్పేసి నగ్నముని, జ్వాలాముఖి, నిఖిలేశ్వర్, చెరబండరాజు, భైరవయ్య, మహాస్వప్న అయ్యారు. ఆరుగురూ కలిసి దిగంబర కవులు. అంతటితో ఆగితే అదో వేషం అయ్యేది. ఆ ఏడాది మే 6న మొదటి సంపుటిని హైదరాబాద్‌లో అర్ధరాత్రి ఆవిష్కరించారు. ఆవిష్కరించింది మంత్రిగారో వైస్ ఛాన్సలరుగారో కాదు, రిక్షా తొక్కే కార్మికుడు. రెండో సంపుటి విజయవాడలో, హోటల్లో బల్లలు తుడిచే మనిషి చేతుల మీదుగా. మూడోది 1968లో విశాఖపట్నంలో, బిచ్చమెత్తుకునే ఒక మహిళ చేతుల మీదుగా. పేరుకి తగ్గ వేళ, పేరుకి తగ్గ మనిషి. శాలువాలు, పూలదండలు, మైకు టెస్టింగుల మధ్య దిగంబర కవులు అన్న బ్యానరు కట్టి ఉంటే ఆ పేరు ఆ సాయంత్రానికే చచ్చిపోయేది.

ఢిల్లీలో 1990 నుంచి నడుస్తున్న 'చోర్ బిజార్' అనే రెస్టారెంటూ ఈ పనే ఇంకో విధంగా చేసింది. చోర్ బజార్ పేరు మీద చమత్కారం అది. లోపల ఏ కుర్చీకి ఆ కుర్చీ వేరు, ఏ బల్లకి ఆ బల్ల వేరు. అంతా పాతసామాన్ల బజారు సరుకులా ఉంటుంది. ఒక పాత ఫియట్ కారునే సలాడ్లు పెట్టే బల్లగా మార్చేశారు. మీరు మీ హోటల్‌కి 'మొరటోడు' అని పేరు పెట్టి, లోపల గాజుబల్లలు వేసి, వెయిటరుకి బో టై కట్టి, సన్నటి వయొలిన్ సంగీతం పెడితే వచ్చినవాడు గందరగోళపడతాడు. అరిటాకు వెయ్యండి, ముద్దపప్పు గరిటెతో ధడేల్మని వెయ్యండి, బిల్లు చేత్తో రాసివ్వండి. అప్పుడే పేరు నిలబడుతుంది.

మొరటుతనం పేరులో ఉండాలి తప్ప నోట్లో కాదు. ఇది విడమరిచి చెప్పాల్సి వస్తోంది, ఎందుకంటే 2025లో ఒక పచ్చళ్ళ వ్యాపారం ఎలా కుప్పకూలిందో తెలుగు సోషల్ మీడియా అంతా చూసింది. పేరు ముద్దుగానే ఉంది. ధర ఎక్కువుందన్న కస్టమర్‌కు వాట్సాప్‌లో వెళ్ళిన బూతుల జవాబు బయటికొచ్చింది, దుకాణం మూసుకోవాల్సి వచ్చింది. కొంటె పేరున్న షాపులో మర్యాద రెండింతలు ఉండాలి. 'రౌడీ' బోర్డు కింద కూర్చున్నవాడు 'రండి సార్, కూర్చోండి' అంటేనే ఆ బోర్డు జోకు అవుతుంది. లేకపోతే అది హెచ్చరిక.

ఇప్పుడు బోర్డులు దిగిన కథలు. 2006 ఆగస్టులో నవీ ముంబైలో ఒకాయన కెఫే తెరిచి 'హిట్లర్స్ క్రాస్' అని పేరు పెట్టాడు. అందరి కళ్ళూ పడాలనే పెట్టాడు, పడ్డాయి. యూదు సమాజం నిరసన తెలిపింది, వార్త దేశాలు దాటింది, రోజుల్లోనే పేరులోంచి హిట్లర్‌ని తీసేశాడు. 2012లో అహ్మదాబాద్‌లో ఒక బట్టల షాపుకి 'హిట్లర్' అనే పెట్టారు, మళ్ళీ ఇదే గొడవ. భాగస్వామి తాతగారు చండశాసనుడని ఇంట్లో అలా పిలిచేవారట, అందుకే పెట్టామన్నారు. అబద్ధమని నేననను. మనకూ 1997లో చిరంజీవి 'హిట్లర్' సినిమా ఉంది. చెల్లెళ్ళ మీద కాపలా కాసే అన్నకి ఆ పేరు పెడితే తెలుగునాట ఎవరూ ఏమీ అనుకోలేదు. ఎవరూ ఏమీ అనుకోకపోవడానికి కారణం ఆ పేరు మంచిదవడం కాదు. ఆ మంటలో కాలినవాళ్ళు మన వీధిలో లేకపోవడం. ఇవాళ మీ బోర్డు ఫొటో గంటలో వాళ్ళ వీధికి చేరుతుంది.

కులాలు, దేవుళ్ళు, పవిత్రంగా చూసుకునే పేర్ల జోలికి వెళ్ళేటప్పుడు ఆ వీధి దూరం కూడా ఉండదు. 2019లో వరుణ్ తేజ్ సినిమాకి 'వాల్మీకి' అని పేరు పెట్టారు. కథలో హీరో గ్యాంగ్‌స్టర్. బోయ, వాల్మీకి సంఘాలు అభ్యంతరం చెప్పాయి, విషయం హైకోర్టుకి వెళ్ళింది, చివరికి విడుదలకు ఒకరోజు ముందు అది 'గద్దలకొండ గణేష్' అయింది. కోట్ల పబ్లిసిటీ ఒక పేరు మీద, సినిమా ఇంకో పేరు మీద. సినిమా అంటే మూడు వారాల వ్యవహారం, తట్టుకుంటుంది. మీ హోటల్ ముప్ఫై ఏళ్ళు నడవాలి.

మీరు ఎవర్నీ గిల్లకపోయినా పేరు గిల్లే రోజు రావచ్చు. హైదరాబాద్ మొజంజాహీ మార్కెట్లో దేశ విభజన తరవాత ఇటొచ్చిన సింధీ కుటుంబం 1953లో వదిలివచ్చిన ఊరి మీద బెంగతో కరాచీ బేకరీ అని పెట్టుకుంది. ఫ్రూట్ బిస్కెట్ల పేరు తప్ప దానికి ఇంకో అర్థం ఎవరికీ తోచలేదు. 2019లో పుల్వామా దాడి తరవాత బెంగళూరు శాఖలో బోర్డు మీద ఆ మాటకు గుడ్డ కప్పాల్సి వచ్చింది. 2025 మేలో శంషాబాద్ శాఖ మీదికి ఆందోళనకారులు వచ్చారు. ఇది వాళ్ళ తప్పు కాదు. వాళ్ళు పేరు మార్చలేదు, మార్చకపోవడం నాకు నచ్చింది కూడా. ఏడు దశాబ్దాల బిస్కెట్ల రుచి వెనక ఉంది కాబట్టి ఆ పేరు తట్టుకుంది. నిన్న తెరిచిన షాపుకి ఆ దన్ను ఉండదు.

జోకుకి వయసు కూడా వస్తుంది. లండన్ బట్టల కంపెనీ ఫ్రెంచ్ కనెక్షన్, తన పేరు పొడి అక్షరాలకు యూకే తగిలిస్తే ఇంగ్లీషు బూతుమాటకు ఒక్క అక్షరం అటూఇటూగా కనిపిస్తోందని గమనించి, 1997లో ఎఫ్‌సీయూకే అని టీషర్టుల మీద అచ్చేసింది. కుర్రకారు ఎగబడింది. ప్రకటనల నియంత్రణ సంస్థ ఇక మీ పోస్టర్లు ముందు మాకు చూపించి అతికించమంది. పదేళ్ళు తిరక్కుండానే అది ప్రతివాడి ఒంటిమీదా ఉండి, పాతబడి, కంపెనీయే పక్కన పెట్టేసింది. రెండోసారి విన్నప్పుడు నవ్వు రాని పేరు పెట్టకండి. నవ్వు అయిపోయాక కూడా వినడానికి బాగుండాలి. 'వర్జిన్' చూడండి. 1970లో గ్రామఫోన్ రికార్డులు అమ్మడానికి, వ్యాపారంలో మేమంతా కొత్తవాళ్ళమే కదా అని పెట్టుకున్న పేరు. విమానాల మీదికి ఎక్కేసరికి అందులోని కొంటెతనం ఎవరికీ గుర్తులేదు. పేరు మిగిలింది.

ఇదంతా చేతిలో పట్టుకుని ఒక పేరు పెట్టి చూద్దాం. ఊహించుకుందాం: నరసరావుపేటలో ఒక కుర్రాడు కారప్పొడుల వ్యాపారం పెడుతున్నాడు. తండ్రి గుంటూరు మిర్చి యార్డులో తలపండినవాడు. ఘాటుకి తేజ ఎంత, రంగుకి బ్యాడిగి ఎంత కలపాలో కాయ చేత్తో నలిపి చెప్తాడు. ఆయన దగ్గర పేరు సిద్ధంగా ఉంది, 'శ్రీ లక్ష్మీ తిరుపతమ్మ కారప్పొడులు'. కొడుకు 'దెయ్యం కారం' అన్నాడు.

"దెయ్యం బొమ్మున్న డబ్బా మీ అమ్మ వంటింట్లో పెట్టుకుంటుందా?"

"అమ్మ కోసం కాదు నాన్నా, హాస్టల్లో ఉండే కుర్రాళ్ళ కోసం."

"కుర్రాళ్ళకి పొడులు కొని, సర్ది, బస్సెక్కించేది ఎవర్రా? అమ్మలేగా."

తండ్రి గెలిచాడు. డబ్బులిచ్చేవాళ్ళెవరో, డబ్బా పెట్టుకునే చోటేదో ఆయనకు తెలుసు. కొడుకు మళ్ళీ ఆలోచించి 'అత్తగారి కోపం' అన్నాడు. ఇన్‌స్టాలో రీల్స్ బ్రహ్మాండంగా వస్తాయన్నాడు. లోపల్నుంచి తల్లి, "మీ నాయనమ్మని పిలిచి చెప్పమంటావా?" అంది. అదీ పోయింది. పోవాల్సిందే. కారం కొనేవాళ్ళలో సగంమంది అత్తగార్లు. కొనేవాళ్ళనే గిల్లి, ఆ గిల్లుడులో అమ్మేవాడు లేకపోతే అది వెక్కిరింత.

మూడోసారి 'తిక్క' వచ్చింది. పొట్టిగా ఉంది, గుర్తుంటుంది, తినగానే నెత్తికెక్కే కారానికి అతుకుతుంది. ఎవర్నీ కించపరచదు. అందరికీ నచ్చింది. అమెజాన్‌లో పెట్టడానికి ఇంగ్లీషు అక్షరాల్లో రాసేసరికి తెలిసింది, అది చికెన్ టిక్కా అయి కూర్చుంది. వెతికినవాడికి తందూరీ మసాలాల మధ్య వీళ్ళ పొడి ఎక్కడో ముప్ఫయ్యో పేజీలో దొరుకుతుంది. పైగా తినే సరుకుని వర్ణించే మాటలా కనిపిస్తే ట్రేడ్‌మార్క్ ఇవ్వడానికి అభ్యంతరం చెప్తారు. మన ఊళ్ళో అక్షరాలా సరైన పేరు ఇంగ్లీషు స్పెల్లింగులో ఏమవుతుందో చూసుకోకుండా డబ్బాలు అచ్చేయించినవాళ్ళు నాకు చాలామంది తెలుసు.

చివరికి తేలింది: 'తిక్కలోడి కారం'. కింద చిన్న అక్షరాల్లో, 'కొంచెమే కలుపుకోండి, మళ్ళీ మీ ఇష్టం.' తిక్కలోడు ఎవరు? అమ్మేవాడే. ఉద్యోగం మానేసి కారం కొట్టుకుంటున్నవాడు. ఊళ్ళోవాళ్ళు వెనకాల అనుకుంటున్నదే అతను ముందుకు తెచ్చి డబ్బా మీద రాశాడు. తండ్రి కాసేపు ఆలోచించి, "నువ్వేగా, ఇంక అభ్యంతరమేముంది" అన్నాడు. ఇక కారం నిజంగా నెత్తికెక్కాలి. ఆ బాధ్యత ఆయనది.

ఇలా పేరు దొరికాక కూడా ఊరికే వదలకండి. ముక్కూమొహం తెలియనివాళ్ళకి ఫోన్ చేసి పేరు చెప్పండి. 'ఏంటీ?' అని రెండుసార్లు అడిగితే ఆ పేరు నోటిమాటగా వ్యాపించదు. డెలివరీ కుర్రాడు అపార్ట్‌మెంటు గేటు దగ్గర వాచ్‌మన్‌తో ఆ పేరు చెప్పగలడా? పెళ్ళింట్లో 'ఈ పొడి ఎక్కడిదమ్మా' అని వియ్యపురాలు అడిగితే మీ కస్టమర్ తడుముకోకుండా చెప్పగలదా? ఆమె 'ఏదో పేరు, ఆన్‌లైన్లో దొరుకుతుంది' అని దాటేసిందంటే మీరు ఖర్చు లేకుండా వచ్చే ప్రచారాన్ని పోగొట్టుకున్నట్టే. అసభ్యత అంచు దాటిన పేర్లన్నీ ఇక్కడే ఓడిపోతాయి. వాటిని జనం చదివి నవ్వుకుంటారు, నోటితో మాత్రం పలకరు.

కొన్ని వ్యాపారాలకు ఈ అధ్యాయం అసలు వర్తించదు. చిట్‌ఫండ్, ఆసుపత్రి, చంటిపిల్లల ఆహారం, బంగారం, పిల్లల బడి. భయంతోనో నమ్మకంతోనో మనిషి గడప తొక్కే చోట జోకులు వద్దు. అక్కడ శ్రీ వెంకటేశ్వరుడే శరణ్యం.

ఇక చట్టం. అమెరికా పుస్తకాలు చదివి బూతు బ్రాండ్ పెడదామనుకునేవాళ్ళు ఇది రెండుసార్లు చదవండి. అక్కడి సుప్రీంకోర్టు 2017లో ఒకటి, 2019లో ఒకటి తీర్పులిచ్చి, కించపరిచేదనో అసభ్యమనో ట్రేడ్‌మార్క్ నిరాకరించడం భావప్రకటన స్వేచ్ఛకు విరుద్ధమంది. ఇక్కడ అలా లేదు. మన ట్రేడ్‌మార్కుల చట్టం (1999) తొమ్మిదో సెక్షన్ ప్రకారం మత విశ్వాసాలను గాయపరిచేవి, అసభ్యమైనవి, జనాన్ని మోసగించేవి రిజిస్టర్ చెయ్యరు. 2025 మార్చిలో ఒక హిందీ బూతుమాటకు 'రామ్' తగిలించి స్నాక్స్ బ్రాండుగా పెట్టుకున్న దరఖాస్తును రిజిస్ట్రీ ఆమోదించింది. దేశమంతా నవ్వింది. కొద్ది రోజుల్లోనే పొరపాటున ఆమోదించామని ఆ ఆమోదాన్ని వెనక్కి తీసుకుంది. దేవుడి పేర్లు, గ్రంథాల పేర్ల మీద కూడా గుత్తహక్కు దొరకదు. అగరబత్తులకు 'రామాయణ్' పేరు సొంతమనడాన్ని 2015లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. అంటే మన తిరుపతమ్మ పేరు పెట్టినా ఊళ్ళో ఇంకో పదిమంది అదే పెట్టుకుంటే చెయ్యగలిగింది పెద్దగా ఉండదు. కొంటె పేరుకున్న అసలైన లాభం ఇదే. సరుకుతో సంబంధం లేని మాటను సరుకుకి తగిలిస్తే అది మీ సొంతమయ్యే అవకాశం ఎక్కువ.

ఒకసారి పెట్టాక మార్చడం ఎంత ఖరీదో బీరా బీరు కంపెనీని చూస్తే తెలుస్తుంది. బీరు పేరు కూడా మార్చలేదు, పబ్లిక్ ఇష్యూకి వెళ్దామని కంపెనీ పేరులోంచి 'ప్రైవేట్' అన్న ఒక్క మాట తీశారు. దాంతో రాష్ట్రం రాష్ట్రంలో లేబుళ్ళు మళ్ళీ రిజిస్టర్ చేయించుకోవాల్సి వచ్చింది, నెలలపాటు అమ్మకాలు ఆగాయి, దాదాపు 80 కోట్ల రూపాయల సరుకు వృథా అయిందని వార్తలొచ్చాయి. మీది అంత పెద్ద వ్యవహారం కాకపోవచ్చు. అయినా బోర్డు, ప్యాకెట్లు, ఆహార భద్రత లైసెన్సు, స్విగ్గీ పేజీ అన్నీ మార్చుకోవాల్సిందే.

కాబట్టి పని ఈ వరసలో చెయ్యండి. జీఎస్టీ రిజిస్ట్రేషన్‌లో చట్టబద్ధమైన పేరు ఒకటి, వ్యాపార నామం ఒకటి రాసుకునే వీలుంది. మొదటిది పాన్ కార్డులో ఉన్న పేరే; మీ ఒక్కరి వ్యాపారమైతే మీ పేరే వస్తుంది. సంస్థగా పెట్టుకుంటే మాత్రం దానికి నాన్నగారు చెప్పిన దేవుడి పేరే పెట్టండి, బ్యాంకు మేనేజరూ సంతోషిస్తాడు, ఇంట్లో శాంతీ ఉంటుంది. రెండోదానికి మీ కొంటె పేరు. ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ వెబ్‌సైట్లో ఆ పేరు, దాన్ని పోలిన పేర్లు ఉన్నాయేమో డబ్బు కట్టక్కర్లేకుండానే వెతకవచ్చు. మసాలాలైతే 30వ తరగతి, బట్టలైతే 25, హోటలైతే 43. వ్యక్తులకూ చిన్న వ్యాపారాలకూ ఆన్‌లైన్ దరఖాస్తుకి తరగతికి 4,500 రూపాయలు. జర్నల్‌లో అచ్చయ్యాక అభ్యంతరాలకు నాలుగు నెలల గడువుంటుంది. రిజిస్టరైతే పదేళ్ళు మీది, తరవాత మళ్ళీ పొడిగించుకోవచ్చు. ఆ దరఖాస్తు నంబరు చేతికొచ్చేదాకా బోర్డు పెయింటరుకి అడ్వాన్సు ఇవ్వకండి.